మానైన పిమ్మట

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు ప్రశ్నించినది పిల్లల పెంపకమును గూర్చియే యైనను, ఆ ప్రశ్న ఎక్కువగా గుచ్చుకొనునది నలుబదేండ్లు దాటినవారికి. ముక్కుమీది కోపమును జయింపలేని గృహస్థుడును, నలుగురిలో నోరు విప్పుటకు జంకు ఉద్యోగియు, ఎన్ని పనులు మొదలుపెట్టినను ఒక్కటియు తుదముట్టింపలేని విద్యావంతుడును, తమ స్వభావము ముదిరిపోయినదనియు, ఇక దానిని తీర్చిదిద్దబూనుట వ్యర్థప్రయాస యనియు నిశ్చయించుకొని, ఆ సామెతను తమ పక్షమున సాక్ష్యముగా నిలుపుకొందురు. వ్యక్తిత్వ వికాసమును బోధించు గ్రంథములలో పెక్కింటి ధోరణి దీనికి కేవలము విరుద్ధము. ఎంత ముదిరిన మానునైనను 21 దినములలో వంపవచ్చునని అవి ఆశపెట్టును. నిరాశపడినవానికిని, ఆశపెట్టినవానికిని ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయము కలదు: మానుతో చేయవలసిన పని దానిని వంచుటయే యని ఇరువురును నమ్ముదురు.

ఆ నమ్మకము ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు వడ్రంగిని మించిన గురువు లేడు. ముదిరిన దుంగ తన ముంగిటికి వచ్చినపుడు వడ్రంగి దాని వంపును నిందింపడు. దానిని సరిచేయుటకు పెనుగులాడడు. ఎచట కోయవలయును, ఎచట విడువవలయును, ఎచట బంధింపవలయును అను మూడు ప్రశ్నలను వేసికొని, వానికి సమాధానము దొరకిన పిమ్మటనే రంపమును చేతబట్టును. ఈ అధ్యాయమున చెప్పదలచినది ఈ మూడు ప్రశ్నలను గూర్చియే. కూర్చుండుటకు పనికివచ్చుచునే శిల్పముగా నిలువగల కుర్చీలును, భోజనమునకు పనికివచ్చుచునే అడవిని మరవనీయని బల్లలును, యంత్రశాలలోని విద్యను ప్రకృతి రూపముతో సంధించిన ఆసనములును ఇరువదవ శతాబ్దమున వెలసి, నేడు మ్యూజియములలోను, వేలములలోను, ఏరికోరి వస్తువులను కూర్చుకొను రసికుల ఇండ్లలోను స్థానము సంపాదించుకొన్నవి. ధరను మాత్రమే చూచువారికి అవి ధనికుల విలాసములుగా తోచును. వాని తయారీని గమనించువారికి ముదిరిన పదార్థముతో వ్యవహరించు నేర్పు వానిలో గోచరించును.

సుందరానందుని శిక్షణ

ఈ కళలో అగ్రగణ్యుడైన జార్జి నకషిమా 1905లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, స్పోకేన్ పట్టణమున, జపాను నుండి వచ్చి స్థిరపడిన కుటుంబమున జన్మించెను. అతడు చదివినది వాస్తుశిల్పము. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, కొంతకాలము దేశాటనము చేసి, 1934లో టోక్యోలోని ఆంటోనిన్ రేమండ్ అను వాస్తుశిల్పి కార్యాలయమున చేరెను. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమువారు సాధకుల నివాసమునకై ఒక భవనమును రేమండ్ చేత రూపొందింపజేయగా, దాని నిర్మాణమును దగ్గరనుండి నడిపించుటకు నకషిమా 1937 ప్రాంతమున మన దేశమునకు వచ్చెను. ఆ భవనము పేరు గోల్కొండ. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాము ప్రభుత్వము నుండి విరాళము లభించినందున, కృతజ్ఞతాసూచకముగా మన కోట పేరు సముద్రతీరమందలి ఆ కట్టడమునకు దక్కినది.

గోల్కొండ భవనము మన దేశమున కాంక్రీటుతో నిర్మింపబడిన తొలి ఆధునిక భవనములలో ఒకటి. గోడకు మారుగా, తెరచి మూయుటకు వీలైన అడ్డపలకల వరుసలు ముఖభాగమంతటను పరచుకొని, గాలిని లోనికి రానిచ్చి ఎండను వెలుపలనే నిలుపును. గదుల తలుపులు ప్రక్కకు జరుపదగిన టేకు పలకలు. తలుపుల బందులకును పిడులకును ఆశ్రమవాసులు తెచ్చియిచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరగించి పోతపోసిరి. కర్మాగారము నుండి వచ్చిన సిమెంటును, అడవి నుండి వచ్చిన టేకును, వంటింటి నుండి వచ్చిన ఇత్తడిని ఒకే కట్టడమున ఎట్లు పొసగింపవలయునో నకషిమా అచట కన్నులార చూచెను. ఆ పనిలో నుండగనే జీతమును విడిచి ఆశ్రమవాసియై, శ్రీ అరవిందుల వలన సుందరానందుడను నామమును పొందెను. గృహోపకరణములను రూపొందించుటలో అతని తొలి యత్నములు ఆ భవనమునకై చేసినవే.

ఇంతటి చదువును అనుభవమును గడించినను అతనికి చేతిపని ఇంకను పట్టుబడలేదు. అది చెరలో పట్టుబడినది. 1942లో అమెరికా ప్రభుత్వము పశ్చిమతీరమందలి జపాను సంతతివారిని, సుమారు 1,20,000 మందిని, నిర్బంధ శిబిరములకు తరలించినపుడు, నకషిమా తన భార్యతోను, పసికందైన కుమార్తెతోను ఐడహో రాష్ట్రమందలి మినిడోకా శిబిరమునకు పోవలసివచ్చెను. జపాను సంప్రదాయ దారుశిల్పమున ఆరితేరిన గెంటారో హికోగావా అను వడ్రంగి ఆ శిబిరముననే యుండెను. కట్టడములలో మిగిలిన చెక్కముక్కలును, ఎడారి పొదల కర్రయు తప్ప వేరు సామగ్రి లేని ఆ తావున, పెద్ద చదువులు చదివిన వాస్తుశిల్పి ఒక పనివాని చెంత శిష్యుడై కూర్చుండి, ఉలి పదును పెట్టుట మొదలుకొని, మేకు లేకుండ చెక్కకు చెక్కను కూర్చుట వరకు అక్షరాభ్యాసమువలె నేర్చుకొనెను. అప్పటికి అతనికి ముప్పదియేడేండ్లు. 1943లో రేమండ్ పూచీపై విడుదలై, పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ అను గ్రామమున చేరి, 1990లో మరణించువరకు అచటనే పనిచేసెను.

కోత

దుంగను రంపపు మిల్లుకు తెచ్చిననాడు నకషిమా తానే దగ్గరనుండి కోయించెడివాడు. దుంగను ఏ ప్రక్కకు దొర్లించి మొదటి కోత వేయవలయునో, పలక ఎంత మందముండవలయునో, కణుపు ఏ పలకలో పడునో అన్నియు ఆ నాలుగు నిమిషములలో తేలిపోవును; ఒకసారి రంపము దిగిన పిమ్మట దుంగ మరల దుంగ కాదు. కోసిన పలకలను చెట్టులో నున్న వరుసలోనే పేర్చి, నడుమ నడుమ పుల్లలు పెట్టి, గాలి యాడునట్లు ఆరబెట్టుదురు. అంగుళము మందమునకు ఒక సంవత్సరమని పనివారి మోటు లెక్క. కర్ర ఆరునపుడు నిలువున దాదాపు కుదించుకొనదు, అడ్డముగా కుదించుకొనును, అందునను వలయముల వెంబడి కలుగు కుదింపు, నడిబొడ్డు దిశగా కలుగు కుదింపునకు సుమారు రెట్టింపు. పలకలు మెలిదిరుగుటకును, కొనలయందు పగులుటకును ఈ తేడాయే కారణము. పచ్చికర్రతో తొందరపడి చేసిన బల్ల ఎంత నునుపుగా చిత్రిక పట్టినదైనను, మొదటి వేసవిలోనే తన లోపలి తడిని బయటపెట్టును.

యంత్రమన్న నకషిమాకు ద్వేషము లేదు. మోటుపనిని యంత్రమునకు అప్పగించి, తుది తీర్పును చేతికిని కంటికిని అట్టిపెట్టుకొనెను. ఒకే రూపమున మరల మరల చేయదగిన సరళమైన కుర్చీ నమూనాను నోల్ అను ఉత్పత్తి సంస్థకు ఇచ్చెను. ఏ రెండును ఒక్కతీరున నుండని పెద్ద పలకలను మాత్రము తన కార్మికశాల దాటనీయలేదు. అనగా, తప్పినను మరల చేసికొనదగిన పని ఏదో, తప్పినచో మరల చేయరానిది ఏదో అతడు ముందే వేరుపరచుకొనెను.

మనలో పలువురి నడవడి దీనికి తలక్రిందులు. చీర అంచు రంగు నెన్నుటకు ఒక పూట గడుపుదురు. తోబుట్టువుతో మాట తెంచుకొనుటను ఒక్క సాయంకాలపు ఆవేశమున తేల్చివేయుదురు. రంగు నచ్చకున్న మార్చుకొనవచ్చును. తెగిన మాట అంత సులభముగా అతుకదు. ముదిరిన స్వభావముగలవాడు మొదట అలవరచుకొనవలసిన వివేకమిది: తన యెదుటనున్న నిర్ణయములలో మరల అతుకని కోతలను గుర్తించి, వానికి మాత్రమే తన సమయమును, మెలకువను ధారపోయుట, తక్కినవానిని అలవాటునకు వదలిపెట్టుట. సభలో ఒక ఉపన్యాసము విని ఆ రాత్రియే చేసికొన్న సంకల్పమును మరునాడే అమలుపెట్టక, కొన్నాళ్లు ఆరనిచ్చుటయు ఇందులో భాగమే. ఆరిన పిమ్మటను నిలిచియున్న సంకల్పముతోనే పని మొదలుపెట్టవలయును.

విడుపు

నకషిమా బల్లలను చూచినవారిని మొదట ఆకర్షించునది వాని అంచు. బెరడు ఊడినచోట చెట్టు పెరిగిన వంపు ఎట్లున్నదో అట్లే విడిచి, కణుపులను, బుడిపెలను, లేత తెల్లచెక్కకును నల్లని నడిచెక్కకును గల వర్ణభేదమును దాచక, నూనె పట్టించి ఊరకొనెను. ఇది సోమరిపాటని కొందరికి తోచవచ్చును. కాని అంచును తిన్నగా కోసిన పలకకు ఏ కాళ్లైనను అమరును. వంకర యంచును విడిచిన పలకకు దాని బరువు ఎటు మొగ్గునో లెక్కించి, దానికే తగిన కాళ్లను, దానికే తగిన అతుకులను రూపొందింపవలయును. అతని బల్లలలో పైపలక ఎంత స్వేచ్ఛగా నుండునో, దాని క్రింది కట్టు అంత కచ్చితముగా నుండును.

అతని కోనాయిడ్ కుర్చీ ఇందుకు మంచి నిదర్శనము. 1950ల చివర అతడు న్యూ హోప్‌లో ఒక పనిమందిరమును కట్టెను; దాని పైకప్పు కొలది అంగుళముల మందము గల, అలలవలె ముడుతలు పడిన కాంక్రీటు పెంకు. స్తంభముల సాయము లేక విస్తరించిన ఆ పెంకు రేఖాగణిత రూపము పేరే కోనాయిడ్. ఆ కప్పు క్రిందనే 1960 ప్రాంతమున రూపొందిన కుర్చీకి నాలుగు కాళ్లు లేవు. వెనుక నిలిచిన రెండు కాళ్లు, నేలపై బండి పట్టెలవలె ముందుకు సాగిన రెండు పాదములు, వానిపై గాలిలోనికి చొచ్చుకొని వచ్చిన ఆసనము. నల్ల అక్రోటు కర్రతో మలచిన ఆసనమునకు వెనుక హికరీ కడ్డీలు వీపునకు ఆనును. రెండు కాళ్ల కుర్చీ నిలుచునా యని సందేహించినవారు లేకపోలేదు. కాంక్రీటు దూలము గోడ నుండి ముందుకు చొచ్చుకొనివచ్చి బరువు మోయు సూత్రమునే అతడు కర్రకు నేర్పెను, కుర్చీ నిలిచినది. అక్రోటు రేఖలు చెట్టునకు చెందినవి. నిలుపుదల ఇంజనీరునకు చెందినది.

ప్రకృతిని గౌరవించుటకు ఇదియొక్కటే మార్గము కాదు. ఫ్రాన్సున క్లోద్ లలాన్ అను శిల్పి నిజమైన ఆకులను రాగి లవణపు ద్రవమున ముంచి, విద్యుత్తును ప్రసరింపజేసి, వానిపై రాగిపొరను పేర్చెడిది. లోని ఆకు నశించినను దాని ఈనెల గీతలు లోహముపై నిలిచి, అద్దముల చట్రములుగా, ఆసనములుగా రూపొందెడివి. డచ్చి దేశస్థుడైన యోరిస్ లార్మాన్ 2006లో చేసిన ఎముక కుర్చీలో ప్రకృతి రూపము గాక ప్రకృతి సూత్రము కనబడును. బరువు పడినచోట బలిసి, బరువు లేనిచోట సన్నగిల్లు ఎముక ధర్మమును అనుకరించి, ఓపెల్ మోటారు సంస్థ యంత్రభాగములను తేలికపరచుటకు వాడిన గణనపద్ధతిని అతడు గ్రహించి, దానికి ఒక కుర్చీని అప్పగించెను. అనవసరమైన పదార్థమంతయు తొలగిపోగా మిగిలిన రూపమును అల్యూమినియముతో పోతపోసెను. ఒకరు విడిచిపెట్టిరి, ఒకరు పొదిగిరి, ఒకరు నేర్చుకొనిరి; మువ్వురిలో ఎవ్వరును ప్రకృతిని తిన్నగా చెక్కి చదును చేయలేదు.

నోరు విప్పుటకు జంకు ఉద్యోగి సంగతికి వత్తము. అతడు వాచాలుడు కానక్కరలేదు. వినుటలో అతనికి గల ఓపిక అతని అంచు. దానిని విడిచి, దాని చుట్టు కట్టు కట్టవలయును: సమావేశమునకు ముందే తన అభిప్రాయమును నాలుగు పంక్తులలో వ్రాసికొనుట, అందరును మాటలాడిన పిమ్మట తేలిన విషయములను క్రోడీకరించు బాధ్యతను తానే అడిగి తీసికొనుట. మితభాషి కడపట పలికిన మాటకు బరువు తప్పక యుండును. అయితే నా స్వభావమింతే యని చెప్పి ఏ కట్టును కట్టుకొననివాడు ఈ పాఠమును సగమే విన్నవాడు. అంచును విడిచి, అతుకును కూడ విడిచినచో మిగులునది బల్ల కాదు, దుంగ.

బంధము

పెద్ద పలకకు పగులు తప్పదు. పగిలిన భాగమును కోసివేసినచో పలక చిన్నదగును. లప్పముతో పూడ్చినచో లప్పము ఊడును, పగులు సాగును. నకషిమా ఆ పగులునకు అడ్డముగా, నడుమ సన్నగానుండి ఇరుప్రక్కల విచ్చుకొన్న సీతాకోకచిలుక ఆకారపు చెక్కబిళ్లను దిగవేసెడివాడు. ఆ బిళ్లలో కర్ర నార పగులును దాటుచు పోవలయును. పగులు వెంబడి పోయినచో బిళ్లయే రెండుగా చీలును. విచ్చుకొన్న రెక్కలు రెండు ప్రక్కలను పట్టి లాగియుంచును. పగులు మాయము కాదు. కాని అంగుళమైనను ముందుకు సాగదు.

ఈ బిళ్ల అందముగా నుండుట చేత నేడు దానిని పగులు లేని పలకలపై కూడ అలంకారముగా అతికించుచున్నారు. మనుష్యులలోను ఈ రీతి కలదు: పడని కష్టములను కథలుగా చెప్పుకొని, తగులని గాయములకు కట్టు కట్టుకొని తిరుగువారు కలరు. పగులు లేనిచోట బిళ్ల వేయుట కర్రకును బలము కాదు, మనిషికిని గౌరవము కాదు.

కోపిష్ఠియైన గృహస్థుడు తన కోపమును సమూలముగా పెకలించెదనని ప్రతిన పట్టుట, పగిలిన భాగమును కోసివేయబూనుట వంటిది. ఆ కోపమున అన్యాయమును సహింపని గుణము కూడ పెనవేసికొని యుండవచ్చును. అతడు చేయదగినది పగులు ఎచట సాగుచున్నదో కనిపెట్టుట. కొందరికది భోజనవేళ పిల్లల మార్కుల ప్రసక్తితో మొదలగును. కొందరికి కార్యాలయమునుండి వచ్చిన ఉత్తరముతో. ఆ చోటున అడ్డముగా ఒక నియమము: మార్కుల మాట ఆదివారము ఉదయమే ఎత్తవలయును, ఉత్తరమునకు బదులు మరునాడే వ్రాయవలయును. నియమము కోపపు వాలులో పోక, దానికి అడ్డముగా పోవలయును. ఇంటిలోని వారికి ఆ నియమమును ముందే తెలిపియుంచినచో, బిళ్లకు రెండవ రెక్క ఏర్పడినట్లే.

ఇంటికి తెచ్చుకొనువారికి

ఈ గుణములను దినదినము కంటికెదుట నుంచుకొనుటకు ఇంటిలో ఒక్క మంచి వస్తువున్న చాలును. దానిని ఎన్నుకొను పద్ధతిని కూడ చెప్పుట ఈ గ్రంథమునకు ఉచితమే. మొదట బల్లను తలక్రిందులు చేసి చూడవలయును. కనబడని భాగమున పనివాడు చూపిన శ్రద్ధయే అతని నిజమైన శ్రద్ధ. నకషిమా పలకల అడుగున, వానిని చేయించుకొన్నవారి పేరును వ్రాసెడివాడు. వస్తువునకును యజమానికిని నడుమ నట్టి ఒప్పందము పైకి కనబడనక్కరలేదు. పిమ్మట అంచును పరీక్షింపవలయును. పైముఖమున సాగిన రేఖ అంచు మీదుగా క్రిందికి దిగినచో అది నిండు చెక్క. అంచు దగ్గర తెగిపోయినచో పైన అతికించిన పలుచని పొర. సహజమైన అంచని చెప్పినది యంత్రముతో చెక్కిన వంకర యగునేమో తెలియుటకు, పైముఖపు రేఖలు ఆ వంకరతో కలిసి వంగుచున్నవో లేదో చూడవలయును. తిన్నని రేఖలను వంకర అంచు నరికినట్లున్నచో అది కల్పితము.

ఇనుప కాళ్లు బిగించిన బల్లలు నేడు విరివిగా దొరకుచున్నవి. మరచీలలు దూరిన రంధ్రములు గుండ్రముగా గాక కొంచెము కోలగా నుండవలయును. అట్లు కానిచో కర్ర ఋతువులతో కదలుటకు చోటులేక పగులును. మచిలీపట్టణపు తేమలో పెరిగి వచ్చిన బల్లను హైదరాబాదున ఎయిర్ కండిషనరు గాలికి ఎదురుగా పెట్టినచో ఫలితము ఊహింపదగినదే. కర్ర ఎచటిదో అడుగుట మరవరాదు. శేషాచలపు ఎర్రచందనమును గాని, జిట్రేగిని గాని సరియైన పత్రములు లేక కొనుట కళాభిరుచి కాదు, నేరమునకు తోడ్పాటు. పాత ఇండ్లను విప్పినపుడు వచ్చు టేకు దూలములును, ద్వారబంధములును దశాబ్దముల తరబడి ఆరినవి. వానిపై మేకుల గుంటలుండును, రంగు మరకలుండును, కాని వానిని మించిన కర్ర అంత ధరకు దొరకుట అరుదు. పేరుమోసిన శిల్పుల పనులను కొనువారు ప్రతి సంఖ్యను, చేసినవాని పత్రమును, ఇంతవరకు ఎవరి చేతులు మారినదో ఆ చరిత్రను పరిశీలింపక సొమ్ము చెల్లింపరాదు. ధర పెరుగునను ఆశతో మాత్రము కొనవలదు. కూర్చుండుటకు భయపడవలసిన కుర్చీ యజమానికి కుర్చీ కాదు.

సాధన

మొదటిది. ఈ వారము మీరు తీసికొనవలసిన నిర్ణయములన్నిటిని ఒక కాగితముపై వ్రాసి, మరల అతుకని వానికి ఎదుట గుర్తు పెట్టుడు. గుర్తు పెట్టిన దానిని ఏడు దినములు ఆరనిండు. తక్కినవానిని ఈ పూటయే ముగించుడు.

రెండవది. మీలో ఇతరులు తరచుగా తప్పుబట్టు గుణములను మూడింటిని వ్రాయుడు. వానిలో ఒక్కదానిని ఉంచుకొనదలచినట్లు నిశ్చయించుకొని, దానిని ఉంచుకొన్నందుకు మీరు మోయవలసిన అదనపు శ్రమను దాని ప్రక్కనే వ్రాయుడు. ఆ శ్రమకు సిద్ధపడనిచో ఆ గుణమును ఉంచుకొను హక్కు మీకు లేదు.

మూడవది. దగ్గరలోని వడ్రంగితో మాటలాడి, పాత టేకు దూలపు ముక్కతో ఒక పీట చేయింపుడు. ఎత్తును, వెడల్పును మాత్రము మీరు చెప్పుడు. మేకుల గుంటలను పూడ్చవలెనో విడువవలెనో అతనిని అడుగుడు, అతడు చెప్పు కారణమును వినుడు. అతని పని నడుచుచున్నంతసేపు సలహా ఇయ్యక చూచుచుండగలిగితిరేని, ఇంటిలో ఎదిగిన కొడుకుతోను, కార్యాలయమున క్రింది ఉద్యోగితోను మెలగుటకు కావలసిన నిగ్రహము మీకు సగము అలవడినట్లే. తక్కిన సగము వారి నడుమనే అలవరచుకొనవలయును.